ఆవిడ చెబుతుంది, ఆయన టైపు చేస్తాడు

నలభై ఒక్క ప్రేమ నవలలు రాసిన ఆవిడకు యాభై నాలుగో ఏట కుడిచెయ్యి ఎదురు తిరిగింది. మొదట వేళ్ల చివర తిమ్మిరి, తరవాత కలం జారిపోవడం, చివరికి మణికట్టు దగ్గర ఆపరేషన్. నరం కోలుకోవడానికి ఏడాది పట్టవచ్చు, అసలు కోలుకోకపోనూ వచ్చు అన్నాడు డాక్టరు.

ఆ మాట విన్న మర్నాడే ఆవిడ భర్త ముందుగదిలో ఆవిడ బల్లకు ఎదురుగా ఇంకో బల్ల వేయించాడు. ఆయన ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరి, ముప్పై రెండేళ్లు అక్కడే పనిచేసి రిటైరైన మనిషి. వేళ్లు ఇంకా చురుగ్గా ఆడతాయి. నువ్వు చెప్పు, నేను కొడతాను, అంతే కదా అన్నాడు. అంత తేలిగ్గా అన్న మాటకు కాదని చెప్పడానికి ఆవిడకు కారణం దొరకలేదు. నిజానికి కళ్లు చెమర్చాయి కూడా.

మొదటి నెల బాగానే సాగింది. రెండో నెలలో ఆవిడకు తెలిసివచ్చింది, తాను ఇరవై ఎనిమిదేళ్లుగా తలుపు వేసుకుని చేసిన పనిని ఇప్పుడు ఒక మనిషి మొహం చూస్తూ చేస్తున్నానని. 'అతని చూపు ఆమె మెడ మీద ఆగింది' అని చెబితే, ఎదురుగా కళ్లజోడు సవరించుకుంటూ ఆయన కామా ఉందా అని అడిగేవాడు. ఉంది అనేది. తరవాతి వాక్యం గొంతులోనే ఉండిపోయేది. కొట్టేసి మళ్లీ రాసుకునే వీలు లేదు. పిచ్చి వాక్యం కూడా పైకే అనాలి. అని, ఆయన కొట్టాక, వద్దులెండి అనాలి.

ఆవిడ కథానాయకులు ఎక్కడి నుంచి వస్తారో ఆయనకు తెలియనిది కాదు. దీపం మొహం మీదికి తిప్పేముందు 'తిప్పనా?' అని అడిగే పళ్లడాక్టరు నుంచి ఒకడు వచ్చాడు. చెప్పుల దుకాణంలో మోకాలి మీద కూర్చుని, కస్టమరు పాదాన్ని పిట్టను పట్టుకున్నట్టు పట్టుకునే సేల్స్‌మన్ నుంచి ఒకడు. మంటలార్పేవాళ్ల నవల కోసం ఆవిడ పంతొమ్మిది రోజులు ఫైర్ స్టేషన్ బెంచీ మీద కూర్చుంది. అక్కడివాళ్లు ముందు అనుమానపడ్డారు, తరవాత టీ పోశారు. ఒకరి చెయ్యి, ఇంకొకరి గొంతు, మూడోవాడి చొక్కా మడత కలిపి ఆవిడ ఒక మనిషిని నిలబెట్టేది. సభల్లో పాఠకురాళ్లు మాత్రం ఆవిడ భర్త చుట్టూ మూగి, ఆ హీరోలందరూ మీరేనా అని అడిగేవారు. ఆయన ఔననీ కాదనీ అనకుండా నవ్వేవాడు. ఇంటికొచ్చాక ఒకసారి, "ఇన్ని నవలల్లో నా ముక్కన్నా వాడుకోలేదు నువ్వు" అన్నాడు. ఆ రోజు ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

కొత్త నవలకు కథానాయకుడు నదిమీద లాంచీ నడిపే సరంగు. చెయ్యి కట్టులో ఉన్నా కాళ్లు బాగానే ఉన్నాయి కదా అని ఆవిడ రోజూ పది గంటలకు రేవుకు బయలుదేరేది. వివరాలు సేకరించుకోవాలి అని చెప్పేది. ఆ దరికి ఇరవై నిమిషాలు, ఈ దరికి ఇరవై. మధ్యాహ్నం ఇంటికొచ్చి, భోజనమయ్యాక, ఎదురుబల్ల ముందు కూర్చుని చెప్పేది. విచిత్రంగా మాట పెగలసాగింది. సరంగు భార్య చనిపోయి ఆరేళ్లయింది. ఎవరితోనూ మాట్లాడడు. రోజూ ఎక్కే ఒకావిడతో మాత్రం మాట్లాడతాడు. ఎన్నో ఏళ్లుగా ఆవిడ పుస్తకాల్లో లేని ఊపు ఆ పేజీల్లో కనిపించింది. ఆయన కొడుతూనే ఉన్నాడు. కామా ఉందా అని అడగడం మాత్రం మానేశాడు.

తొమ్మిదో అధ్యాయంలో ఒక చోట, సరంగు వేడి తెలుసుకోవడానికి ఇంజను మూత మీద కుడి అరచెయ్యి ఆనించాడు అని చెప్పింది ఆవిడ. టైపు చప్పుడు ఆగింది.

"ఎడమ చెయ్యి" అన్నాడు ఆయన.

ఆవిడకు అర్థం కాలేదు.

"కుడిచెయ్యి చక్రం మీద ఉంటుంది. మూత మీద ఆనించేది ఎడమ చెయ్యి." కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "నేను మొన్న వెళ్లాను. నువ్వు మీ చెల్లెలింటికి వెళ్లిన రోజు. అటూ ఇటూ రెండుసార్లు తిరిగాను. నువ్వు అతని చేతులు చూడలేదు. మొహం చూస్తూ కూర్చున్నావు."

మీరనుకున్నదేమీ లేదండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ మాటకు ఎదురుగా నూట ఎనభై పేజీలు పేర్చి ఉన్నాయి. అవన్నీ ఆవిడ నోటితో చెప్పినవే, ఆయన చేతులతో కొట్టినవే.

ఆయన కేకలు వేయలేదు. అదే ఆవిడ ప్రాణానికొచ్చింది. నాకేం కోపం లేదు, ఈ వయసులో మనసు ఎటో పోవడం వింతేం కాదు, నువ్వు ఇల్లు దాటిపోయే మనిషివి కావని నాకు తెలుసు అన్నాడు. చెయ్యని తప్పుకు ఆయన క్షమించేస్తున్నాడు. వద్దందామంటే మరి రోజూ రేవుకు ఎందుకు వెళ్తున్నావో చెప్పు అంటాడు. ఆ నిజం ఈ అబద్ధం కంటే పెద్ద దెబ్బ. అందుకని ఆవిడ తలొంచుకుని ఆ మన్నింపు పుచ్చుకుంది. పుచ్చుకున్న క్షణం నుంచీ ఇంట్లో గాలి ఆడనట్టయింది.

ఫోనులో చెల్లెలు ఇది విని కాసేపు నవ్వింది. లాంచీ డ్రైవరుతో లేచిపోతే బావ తట్టుకునేవాడేమో గానీ అని, సగంలో ఆపేసింది. అసలు సంగతి చెప్పేయమంది. చెప్పలేను అంది ఆవిడ. ఆ ఫోను మాట్లాడడం కూడా వంటగదిలో కుళాయి తిప్పి, గొంతు తగ్గించి.

రేవుకు వెళ్లడం మానేసింది. నవల అక్కడే ఆగిపోయింది. ప్రచురణకర్త వారానికోసారి ఫోను చేసి, తొందరేం లేదండీ అంటూనే తొందర పెడుతున్నాడు. ఏం చేయాలో తోచక ఆవిడ ఒక మధ్యాహ్నం కథను మలుపు తిప్పింది. సరంగును వేరే ఊరికి పంపేసి, కథానాయికకు ఒక రిటైరైన గుమాస్తాను పరిచయం చేసింది. కొసన కాస్త వంగిన ముక్కు, నెమ్మదైన మాట, ఎప్పుడూ కోపం రాని మనిషి. ఆయన నాలుగు పేజీలు బుద్ధిగా కొట్టాడు. ఐదో పేజీ మొదట్లో ఆగాడు.

"ఇది తీసెయ్. బతిమాలినట్టుంది" అన్నాడు.

అంతటితో ఊరుకోలేదు. మర్నాడు పది గంటలకు చొక్కా మార్చుకుని, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పద, నేనూ వస్తాను, అతన్ని పలకరిద్దాం, దాచుకోవాల్సిందేముంది మనకి అన్నాడు. ఆయన పెద్దమనసుకు అంతు లేకుండా పోయింది. తలనొప్పి అని చెప్పి చూసింది ఆవిడ. గాలి తగిలితే తగ్గుతుందన్నాడు.

లాంచీలో జనం పలచగా ఉన్నారు. కదిలి రేవు దాటాక ఆయన ఆవిడను చెయ్యి పట్టుకుని ఇంజను పక్కకు తీసుకెళ్లాడు. సరంగు అరవై దగ్గరపడ్డ మనిషి, చెవుల మీద తెల్లవెంట్రుకలు, చేతికి నూనె మరకలు. ఆయన తనను తాను పరిచయం చేసుకుని, మా ఆవిడ మీ గురించి పుస్తకం రాస్తోంది, మీకు తెలిసే ఉంటుంది, మీరిద్దరూ మాట్లాడుకుంటూ ఉంటారట కదా అన్నాడు.

సరంగు ఆవిడ వంక చూసి, గుర్తుకు తెచ్చుకోవడానికి కొంచెం కష్టపడ్డాడు.

"ఓ, మొదట్లో రెండు రోజులు ఏవో అడిగారండి. డీజిలెంత పడుతుంది, వర్షంలో ఎట్లా నడుపుతారు అని. తరవాత ఏమీ అడగలేదు. అదిగో, ఆ చివర బెంచీ మీద కూర్చుంటారు. అటు ఒకసారి, ఇటు ఒకసారి. ఒక్క మాట ఉండదు. ఒంట్లో బాలేదేమో పాపం అనుకునేవాణ్ణి." ఆగి, మళ్లీ ఆయన వంకే చూశాడు. "నా గురించి రాసేదానికి ఏముందండి? మా ఆవిడ వింటే నవ్వుతుంది."

అతని భార్య బతికే ఉంది. ఆరేళ్ల కిందట చనిపోయింది ఆవిడ చెప్పిన కథలోనే.

ఆయన ఇంకేమీ అడగలేదు. ఆ చివర బెంచీ దాకా నడిచి కూర్చున్నాడు. ఆవిడ వెళ్లి పక్కన కూర్చుంది. అవతలి దరి ఇంకా పావుగంట దూరంలో ఉంది. చుట్టూ నీళ్లు, లేచి వెళ్లడానికి వేరే గది లేదు, తిప్పడానికి కుళాయి లేదు.

"మరి ఇన్నాళ్లూ ఇక్కడికొచ్చి ఏం చేశావ్?" అన్నాడు ఆయన.

"ఏమీ చెయ్యలేదు. ఊరికే కూర్చున్నాను."

"ఊరికే అంటే?"

"ఇక్కడ నేనేమనుకున్నా ఎవరూ రాసుకోరు" అంది ఆవిడ. అన్నాక ఇక ఆపుకోలేకపోయింది. "ఇంట్లో ఒక ఆలోచన పుట్టీపుట్టకముందే మీ ముందు పెట్టాలి. మీరు మంచివారు కాబట్టి ఏమీ అనరు. ఏమీ అనకుండా నా మొహంలోకి చూస్తారు. నాకు ఊపిరి ఆడడం లేదండీ. సరంగు కాదు, ఇక్కడ ఎవరున్నా, అసలు ఎవరూ లేకపోయినా వచ్చేదాన్నే."

ఆయన నీళ్లవైపు తిరిగాడు. మొహంలో ఏదో సడలిపోయింది. ఇన్నాళ్లూ మోసిన అనుమానం బరువైనదే గానీ, అందులో ఆయనకు ఒక స్థానం ఉండేది, క్షమించే మొగుడి స్థానం. అదీ పోయింది.

"వాడైతే బాగుండేది" అన్నాడు చివరికి, సరంగు వైపు గడ్డం చూపిస్తూ. "వాడైతే ఏం చెయ్యాలో నాకు తెలిసేది."

అవతలి దరిలో అందరూ దిగినా వాళ్లిద్దరూ దిగలేదు. అదే లాంచీలో వెనక్కి వచ్చారు. ఇంటికి నడుస్తున్నప్పుడు వీధిలో ఆయన ఎప్పటిలాగే ఆవిడను గోడవైపు నడవనిచ్చి, తాను బండ్లు వచ్చే వైపు నడిచాడు.

మరుసటి వారం ఆవిడ ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టింది. పడకగదిలో, తలుపు వేసుకుని. బడిలో కొత్తగా చేరిన పిల్లల రాతలా ఉండేది. దీర్ఘాలు ఒక వైపుకు, ఒత్తులు ఇంకో వైపుకు పరుగెత్తేవి. రోజుకు ఆరు వాక్యాలు. బాగా సాగిన రోజున పది. ప్రచురణకర్తను ఏడాది గడువు అడిగింది, రెండేళ్లు పట్టింది. పాత నూట ఎనభై పేజీల్లో ఒక్కటీ వాడుకోలేదు. ప్రతిని టైపు చేయించుకునే పని కూడా ప్రచురణకర్తే చూసుకుంటానన్నాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పిన రోజు ఆయన మంచిదేగా అన్నాడు.

ఆ రెండేళ్లూ ఆయన ముందుగదిలోనే ఉన్నాడు. ఉదయం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన బల్ల ముందు కూర్చునేవాడు. పేపరు చదివేవాడు, కరెంటు బిల్లుల ఫైలు సర్దేవాడు, సర్దిన ఫైలే మళ్లీ సర్దేవాడు. తలుపు వెనక ఆవిడకు ఆయన కుర్చీ కిర్రుమనడం వినిపించేది. ఏమీ చేయకుండా కూర్చున్న మనిషి చప్పుడు టైపు చప్పుడు కంటే ఎక్కువగా వినిపిస్తుందని ఆవిడ అప్పుడు తెలుసుకుంది. తలుపు తీసి నీళ్లకోసం బయటికి రావాలన్నా ఆ గదిలోంచే రావాలి. వస్తే ఆయన తలెత్తేవాడు, ఏమైనా కావాలా అన్నట్టు. ఆవిడ సీసాలో నీళ్లు నింపుకుని లోపలే పెట్టుకోవడం అలవాటు చేసుకుంది.

పుస్తకం అచ్చై వచ్చింది. పదికాపీల కట్ట విప్పి ఆయనకు ఒకటి ఇచ్చింది. రాతప్రతి చూడకుండా ఆవిడ పుస్తకాన్ని ఆయన నేరుగా అచ్చులో చదవడం అదే మొదటిసారి. పొద్దున్న కూర్చుని, భోజనానికి లేచి, మళ్లీ కూర్చున్నాడు. ఆవిడ వంటగదిలో చేసిన పనే చేస్తూ, పేజీ తిరిగిన ప్రతిసారీ ఎక్కడిదాకా వచ్చి ఉంటాడో లెక్కవేసుకుంది.

సాయంత్రం నాలుగింటికి పుస్తకం పట్టుకుని వంటగది గుమ్మంలోకి వచ్చాడు. చెవి వెనక పెన్సిలు.

"బాగుంది. నేను లేకుండానే బాగా వచ్చింది" అన్నాడు. ఆ మాట అనడానికి చాలాసేపటి నుంచీ సిద్ధపడుతున్నట్టున్నాడు. తరవాత గొంతు సవరించుకున్నాడు. "పద్నాలుగు అచ్చుతప్పులున్నాయి. రెండు చోట్ల ఒక పేరా రెండుసార్లు పడింది. ఎవరు చూశారో గానీ..." పేజీల అంచున సన్నగా గీసిన గుర్తులు చూపించాడు. "ఇంకోసారి అచ్చు వేస్తే ప్రూఫులు నేను చూడనా?"

ఆ పెన్సిలు గీతలు ఎంత నిదానంగా, ఎంత శుభ్రంగా గీశాడో ఆవిడ చూసింది. వద్దనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. రెండేళ్లు ఇస్త్రీ చొక్కాతో కూర్చున్న మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"చూడండి" అంది.

ఆయన తలూపి వెళ్లిపోయాడు. కాసేపటికి ముందుగదిలో బల్ల ఈడుస్తున్న చప్పుడైంది. ఏం చేస్తున్నారని అడిగితే, వెలుతురు చాలడం లేదు, కాస్త నీ గది తలుపు వైపుకు జరుపుకుంటున్నాను అన్నాడు.