హేమ ముందే చెప్పిన జవాబు

క్యాన్సర్ రోగి ఎర్రన్నకు మందు పనిచేస్తుందని హేమ రాసి పంపిన మరునాడే విశాఖ నుంచి డాక్టర్ అనూరాధ ఫోన్ చేసింది.

"హేమా, ఇంకోసారి చూసుకున్నావా? మందు పనిచేసేవాళ్లలో ఉంటుందని మేము వెతికే ప్రోటీన్ ఆయన గడ్డలో జాడే లేదు. ఇక్కడ అందరూ పనిచెయ్యదనే అంటున్నారు."

"చూసుకున్నాను మేడమ్. నా జవాబు అదే."

ఫోన్ పెట్టేసి, ఎర్రన్న లెక్కలు మరోసారి ముందేసుకుంది.

అది రెండు వేల పద్దెనిమిది. హేమ ఎచ్చెర్ల యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. మూత్రాశయ క్యాన్సర్‌కు ఒక కొత్త తరహా మందు వచ్చింది. ఆ మందు తానుగా క్యాన్సర్‌ను చంపదు. క్యాన్సర్ నిద్రపుచ్చిన రక్షక కణాలను తట్టి లేపుతుంది. అవి లేచాయంటే గడ్డ పని అవే పడతాయి. చిక్కల్లా, అయిదుగురికి ఇస్తే ఏ ఒక్కరిలోనో లేస్తాయి. ఆ ఒక్కరెవరో ముందే చెప్పాలన్నది హేమ పట్టుదల. విశాఖలో అనూరాధ పనిచేసే ఆసుపత్రి, రోగుల అనుమతితో, వాళ్ల గడ్డ ముక్కలను ఆమెకు పంపేది. ఆమె మాటను బట్టి ఎవరికీ మందు ఇవ్వరు, ఎవరికీ ఆపరు. ముందు జవాబు చెప్పాలి, తర్వాత స్కాన్‌తో సరిపోల్చుకోవాలి. తప్పయితే అందరి ముందూ తప్పే.

ఎర్రన్న గడ్డలో జన్యువులు చిందరవందరగా దెబ్బతిని ఉన్నాయి. అంతగా మారిపోయిన కణాన్ని ఒళ్లు పరాయిదని ఇట్టే పసిగడుతుందని ఆమె నమ్మకం. ఇన్ని దెబ్బలు ఎక్కణ్నుంచి వచ్చాయో అడుగుదామని, అనూరాధకు చెప్పి, ఆ ఆదివారం ఎర్రన్న ఉండే కళింగపట్నం బస్సెక్కింది.

ఎర్రన్న భార్య మరిడమ్మ ఇంటి ముందు ఇసుకలో ఎండబెట్టిన నెత్తళ్ల చేపలు తిరగేస్తోంది. సముద్రం మీద చేపల వేటకు పోయే ఓపిక లేక ఎర్రన్న నీడన కూర్చుని వల బాగుచేస్తున్నాడు.

"మావయ్యా, చుట్ట కాలుస్తావా?" అని అడిగింది హేమ.

"కాల్సడమేటమ్మా! అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో ఎట్టుకుంతే ఏ గాలికీ ఆరదు. సంద్రం మీద మాకదే తోడు. డాకటరమ్మ మానీమన్నాది, మానీసినాను."

"ఆ చుట్టే నీకీ జబ్బు తెచ్చింది మావయ్యా. పొగలోని విషమంతా చివరికి మూత్రం సంచిలోనే చేరుతుంది. అక్కడి కణాలను బాగా పాడుచేసింది. అంతగా పాడైపోయాయి కాబట్టే నీ ఒళ్లు వాటిని పోల్చుకుంటుందని నా ఆశ."

మరిడమ్మ చప్పున నడుమెత్తింది. "ఓలమ్మోలమ్మ! సుట్ట మేలు సేసినాదంతావేటి తల్లీ? ఈయన ఇన్నాడు గదా, రేపే ముట్టించీగల్డు!"

"మేలు కాదత్తా! చుట్టే లేకపోతే ఈ జబ్బే వచ్చేది కాదేమో," అంది హేమ నవ్వు ఆపుకుంటూ.

ఎర్రన్న నవ్వలేదు. "అయితే నయమవుతాదా పాపా?"

"మందు పనిచేస్తుందనే రాశాను. తప్పు కూడా కావచ్చు."

"అందరూ సూద్దుం, సూద్దుం అంతన్నారు. పన్సేస్తాదని రాసినదానివి నువ్వొక్కర్తివే," అన్నాడతను వల పక్కన పెట్టి.

మూడు నెలలు మందు ఎక్కించాక, స్కాన్ తీసే రోజున హేమకు కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున్నే విశాఖ చేరింది. ఎర్రన్నతో పాటు, విజయనగరం దగ్గరి పల్లెలో వరి పండించే నరసింగరావుకూ ఆ రోజే స్కాన్. ఆయనకూ హేమ 'పనిచేస్తుంది' అనే రాసింది.

అనూరాధ కంప్యూటర్ తెర మీద ఎర్రన్న పాత స్కాన్‌ను తెచ్చింది. క్యాన్సర్ పాకిన ఊపిరితిత్తుల్లో మినపగింజల్లాంటి మచ్చలు. పక్కన కొత్తది పెట్టింది.

"మచ్చలేవి మేడమ్?"

"నేనూ వాటినే వెతుకుతున్నాను," అంది అనూరాధ. ఆమె తెరకు మరింత దగ్గరగా వంగింది. "హేమా, పోయాయి! ఒక్కటే మిగిలింది, అదీ చుక్కంత!"

ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతారు. అనూరాధ బయటికి వచ్చి, ఎర్రన్నకూ మరిడమ్మకూ ఇంకా కొన్నాళ్లు మందు వాడాలని, పూర్తిగా నయమైందని ఇప్పుడే అనకూడదని జాగ్రత్తగా చెప్పింది. ఎర్రన్న చెవికి అవేవీ ఎక్కలేదు.

"నాను మల్లీ ఏటకెల్లొచ్చా?" అన్నాడు.

మరిడమ్మ హేమ బుగ్గలు రెండు చేతులా పట్టుకుని ఏడుస్తూనే నవ్వింది.

ఆ సంబరం చల్లారకముందే నరసింగరావు స్కాన్ వచ్చింది. గడ్డ పెరిగింది. మందు పనిచెయ్యలేదు.

హేమ ముఖం వాడిపోయింది. అనూరాధ ఆయనకు వేరే చికిత్స మొదలుపెడదామని చెబుతుంటే తను గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. నరసింగరావే ఆమెను పిలిచాడు. పక్కన ఆయన భార్య దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఆ ముసిలాయనకి పన్సేసినాదంట. మంచిదే. నాకెందుకు సెయ్నేదో సూడమ్మా. నా ముక్క మీకాడ ఉన్నాది కదా."

హేమ అడుగులు వాటంతటవే ఆసుపత్రి ల్యాబు వైపు పడ్డాయి. జన్యువుల లెక్కలే తప్ప ఆమె ఎన్నడూ ఆ ముక్కలను మైక్రోస్కోపులో చూడలేదు. అక్కడ దాచిన నరసింగరావు గడ్డ ముక్క స్లయిడు పెట్టి కన్ను ఆనించింది. రక్షక కణాలున్నాయి! గడ్డ చుట్టూ గుంపులు గుంపులుగా ఉన్నాయి. లోపల మాత్రం ఒక్కటీ లేదు. నడుమ నారలు నారలుగా అల్లుకున్న దట్టమైన కంచె. ఎర్రన్న స్లయిడు పెట్టింది. కంచె లేదు. కణాలు గడ్డ నిండా ఉన్నాయి.

"మేడమ్!" ఆ కేకకు అనూరాధ పరుగున వచ్చింది. "ఒళ్లు గడ్డను గుర్తుపడుతుందా అనే చూశాను గానీ, రక్షక కణాలకు లోపలికి దారి ఉందా అని చూడలేదు. వాటిని లేపినా లోపలికి పోలేవు!"

అనూరాధ రెండు స్లయిడ్లూ మార్చి మార్చి చూసింది. "ఇద్దరిని చూసి తేల్చలేం. నువ్వు ఇదివరకు తప్పు చెప్పినవాళ్ల స్లయిడ్లన్నీ తీయిస్తాను," అంటూనే తానే బీరువా వైపు నడిచింది.

హేమ మెట్లు దిగి పరుగెత్తింది. నరసింగరావు ఇంకా వరండాలోనే ఉన్నాడు. తను చూసింది చూసినట్టు చెప్పింది. రైలు తప్పిపోతుందని దాలమ్మ తొందరపెడుతున్నా ఆయన కదల్లేదు.

"కంచె అంతన్నావు. ఎలగుంతాదో గీసి సూపించు," అన్నాడు.

హేమ ఆయన పక్కన కూర్చుని పెన్ను తీసింది.