గేటు దగ్గర రెండు బ్యాగులు

సలేహా బ్యాగులోకి గేటు కాపలా పోచన్న చెయ్యి పెట్టినప్పుడు ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎందుకొచ్చిందో ఆమెకే తెలియదు. ఎదుటివాడు అవమానిస్తుంటే అతనికి ఇబ్బంది కలగకూడదని నవ్వే నవ్వు అది.

"గీడ పెట్టు బిడ్డా, బల్ల మీద."

నీళ్ళ సీసా, టిఫిన్ డబ్బా, దువ్వెన, ఫోను చార్జరు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. అడుగున చిన్న గుడ్డ సంచి. అందులో ఏముంటుందో ఏ ఆడదానికైనా చూడగానే తెలుస్తుంది. పోచన్నకు తెలియలేదో, తెలిసీ డ్యూటీ అనుకున్నాడో, దాని జిప్పు కూడా లాగాడు. వెనక నిలబడ్డ ముగ్గురు కుర్రాళ్ళు మర్యాదగా ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. ఆ మర్యాదే ఎక్కువ గుచ్చుకుంది.

"నేను ఇషాక్ బిడ్డను కాకా. సిరోంచల సైకిళ్ళ దుకాణం. మీకు ఎరుకే గదా."

"ఎరుకే. ఎరుకైనోళ్ళనే ముందుగాల చూడాలె. లేకుంటే మనోళ్ళని ఇడిసిపెట్టిండు అంటరు."

తర్వాత యోహానా తన పెద్ద బ్యాగు బల్ల మీద పెట్టబోయింది. పోచన్న రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "నై నై మేడం, ఆప్ జాయియే." లేచి గేటు కూడా తీశాడు.

యోహానాది జర్మనీ. ఒక సెమిస్టరు చదవడానికి హైదరాబాదు వచ్చి, హాస్టల్లో సలేహా గదిలోనే ఉంటోంది. శని, ఆదివారాల్లో ఎవరూ వెళ్ళని చోట్లకు వెళ్ళాలని ఆమె సరదా. "మీ ఊరు చూపించు" అని తనే అడిగింది. నిన్న మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచలో ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు చూశారు. ఇవాళ ఆటో మాట్లాడుకుని అడవి అంచున ఉన్న ఈ పల్లెకు వచ్చారు. కోట్ల ఏళ్ళ కిందట కూలి రాయిగా మారిన చెట్ల మొద్దులు ఇక్కడ కంచె లోపల ఉన్నాయి. చిన్న ముక్క కూడా బయటికి పోకూడదని గేటు దగ్గర తిరిగి వెళ్ళేవాళ్ళ బ్యాగులు వెతుకుతారు.

రోడ్డుకు అవతల భీమక్క చాయ్ పాక. ఇద్దరూ వెళ్ళి బల్ల మీద కూర్చున్నారు. సలేహా నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, దాన్ని తుడిచెయ్యాలనిపించింది. రెండు రోజులుగా ఇదే పని. ఇరుగింటివాళ్ళు "గింత తెల్లగున్నది, ఏమన్న రోగమా" అంటే, "నువ్వు అందంగా ఉన్నావంటున్నారు" అని ఇంగ్లీషులో చెప్పింది. యోహానా పాయఖానా చూసి ముక్కు మూసుకుంటే, "ఆమెకు జర తలనొప్పి" అని తల్లి మహెజబీన్‌కు చెప్పింది. పొద్దున బయల్దేరేటప్పుడు తల్లి ఒకటే మాట అంది: "ఇంటికొచ్చిన మెహమాన్ మనసు నొప్పియ్యకు." ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరేలోపు సలేహా వాటి ముళ్ళన్నీ ఏరేసేది. ఆ ముళ్ళు ఎక్కడికి పోయేవి? ఇప్పుడు చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుంటే, అవి ఎక్కడికీ పోలేదని అర్థమైంది.

యోహానా బ్యాగు తెరిచి ఒక మేజోడు తీసింది. అందులోంచి అరచేతిలో సగం ఉన్న రాయి బయటికి తీసింది. కోసిన దుంగ మీద ఉన్నట్టే దాని మీద సన్నని వలయాలు.

"మా నాన్నకు. ఇలాంటివంటే ఆయనకు పిచ్చి."

"తీసుకోకూడదని బోర్డు ఉంది కదా."

"అక్కడ వేలున్నాయి. గేటు దగ్గర అతను చూసి ఉంటే ఇచ్చేసేదాన్ని. బ్యాగు పెట్టబోయాను, అతనే వద్దన్నాడు." యోహానా నవ్వింది. ఆమెకది ఆట. ఓడినా పోయేదేమీ లేని ఆట.

చాయ్ వడకడుతున్న భీమక్క తల తిప్పింది.

"అగో, చెట్టురాయి! ఎట్ల తెచ్చిర్రే బయటికి? మా ఇంటి ముంగట గింత పెద్దది ఉండె. మా అత్త దాని మీదనే బట్టలుతికింది, నేను ఉతికిన. ఒకనాడు ట్రాక్టరేసుకొని వచ్చి ఎత్తుకపోయిండ్రు. కోట్ల ఏండ్లదట, సర్కారుదట. మా అత్త కంటె పాతది ఊర్లె ఏదీ లేదనుకున్న నేనైతే!" పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇగ ఇప్పుడు సిమెంటు బండ. ముట్టుకుంటె ఇసుక రాలుతది ముండది."

"ఏమంటోంది?" అంది యోహానా.

సలేహా చెప్పింది. అత్తనూ ట్రాక్టరునూ ఇసుకనూ దేన్నీ వదల్లేదు. యోహానా శ్రద్ధగా విని, "అయ్యో పాపం" అంది. ఆ రాయి ఒళ్ళో పెట్టుకునే ఫోను తీసింది. "ఆమె ఫోటో తీసుకోవచ్చా? ముఖం ఎంత బాగుందో."

సలేహా ఆ ఒళ్ళోంచి రాయి తీసుకుని రోడ్డు దాటింది.

"కాకా, గిది బయటికి వచ్చింది."

పోచన్న రాయిని చూశాడు, ఆమెను చూశాడు. సొరుగులోంచి రాళ్ళతో దొరికినవాళ్ళ రిజిస్టరు తీసి, పెన్ను విదిలించి, గబగబా రాశాడు. సలేహా, తండ్రి ఇషాక్, సిరోంచ. మరాఠీలో తన పేరు ఒక గడిలో కూర్చోవడం ఆమె తలకిందులుగా చదివింది.

"నేను తియ్యలె! గామె తీసింది. నువ్వు బ్యాగు చూడలె."

"నీ చేతుల దొరికింది గదా బిడ్డా."

యోహానా వెనకే పరిగెత్తుకొచ్చింది. విషయం గ్రహించి, గుండె మీద వేలు పెట్టుకుని తనకు వచ్చిన ఒక్క హిందీ ముక్కా అంది. "మై."

పోచన్న ముఖం మెత్తబడింది. "మేడంకు ఏం తెలుసు పాపం. పోనీ తియ్." రిజిస్టరు మూసి, ఆమెకు స్టూలు జరిపాడు.

ఒప్పుకున్నవాళ్ళకు స్టూలు! సలేహాకు కళ్ళు మసకబారాయి. కోపం వస్తే ఏడుపొస్తుందని చిన్నప్పటి నుంచీ భయపడేది. ఇప్పుడు ఏడుపు రాలేదు. స్టూలు మీద తనే కూర్చుని రిజిస్టరు తెరిచింది.

"నా పేరు కొట్టెయ్."

"కొట్టివేత ఉంటె సారు అడుగుతడు బిడ్డా. నన్ను పరేషాన్ చెయ్యకు."

"అడగనీ. నేనొచ్చి చెప్త. కొట్టెయ్. కింద ఆమె పేరు రాయి. అప్పటిదాంక నేను లెవ్వ."

లోపలి నుంచి వస్తున్న జనం ఆగిపోయారు. "రాయరాదె కాకా, బస్సు పోతది" అన్నాడెవరో. "మేడం అంటె చెయ్యి వణుకుతాందా?" అంది ఇంకో గొంతు. పోచన్న చెవులు ఎర్రబడ్డాయి. పేరు మీద ఒక గీత లాగాడు. కింది గడిలో యోహానా పేరు కూడబలుక్కుని రాశాడు. యోహానా సంతకం చేసింది.

"నన్ను దొంగను చేశావు," అంది సలేహాతో. "నాకు ఒక్కదానికే చెప్పి ఉండొచ్చు."

క్షమించమని అడగాలనిపిస్తుందేమోనని సలేహా తనలోకి తాను చూసుకుంది. అలాంటిదేమీ కనిపించలేదు. తల్లి మాట మాత్రం కనిపించింది, దూరంగా, వేరెవరికో చెప్పిన మాటలా.

"నీ బ్యాగు ఇంకా చూడలేదు," అంది. "బల్ల మీద పెట్టు."