బంగార్రాజుకు మళ్ళీ అప్పు పుట్టింది

బంగార్రాజు దివాలా తీసి కోర్టులో ఐపీ పెట్టాక, చోడవరంలో అతన్ని చూస్తే కొట్లో బీడీలు కూడా వాటంతటవే కట్టలోకి దూరిపోయేవి. మూడేళ్ళు అగ్గిపుల్ల చేబదులు తెచ్చినా రెండు తిరిగిచ్చాడు. ఈ ఏడు చెరకు చేలోనే ఎండిపోతుంటే, గానుగ అద్దె కోసం షావుకారు నూకరాజు గుమ్మం తొక్కాడు.

షావుకారు పకపకా నవ్వాడు. "ఒరే, నీకే ఇస్తాను. మిగతావోళ్ళు రేపు ఐపీ పెట్టెయ్యొచ్చు. నీకు కోర్టోళ్ళు మల్లా తలుపు తీస్తారేటి? నెలకి నూటికి పది!"

బంగార్రాజు ఎగురుకుంటూ ఇంటికొచ్చాడు. "నన్ను నమ్మేడే!"

పెళ్ళాం అచ్చియ్యమ్మ నెత్తి కొట్టుకుంది. "అప్పుడు కోర్టులోకి పారిపోయేవు. ఈసారెక్కడికి పోతావు? ఏలిముద్ర ఏసెయ్యలేదు కదా?"

"ఒక్కటే అడిగేడు," అన్నాడు గర్వంగా. "నేనే పది ఏలిముద్రలూ ఏసొచ్చేను."