రెండో వేలు

అమ్మ ఉన్న ముసలివాళ్ల వార్డుకి పేర్ల ప్రోగ్రాం రాసింది నేనే. ఎనిమిది మంచాలు, ఎనిమిది పేర్లు. ఏడోది అమ్మ. అందులో పేర్లు దాచుకునే ముక్కని క్లాసు అంటారు. నేను రాసిన క్లాసు ఫలానా మంచంలో ఎవరంటే టక్కున చెప్పేది గానీ, మొదటి నుంచి వరసగా చదవమంటే నోరు మెదిపేది కాదు. అలా చదవాలంటే జాబితా మీద జరిగే ఒక వేలు కావాలి. పేర్లు ఒక్కొక్కటిగా రప్పించే లూప్ "తర్వాత?" అని అడిగినప్పుడల్లా ఆ వేలు ఒక పేరు కిందికి దిగుతుంది.

చదివే ప్రతివాళ్లకీ విడిగా ఒక వేలు ఇవ్వాలని మొదటి పాఠంలోనే చెబుతారు. చదివేది నర్సమ్మకి రోజూ కాగితం తీసిచ్చే నేనొక్కదాన్నేగా అని బద్ధకించి, క్లాసు మొత్తానికి ఒకే వేలు పెట్టి ఊరుకున్నాను. పైగా పదేళ్ల అనుభవం!

సోమవారం పొద్దున కాగితం మీద నాలుగు పేర్లే వచ్చాయి. ఒకటి, మూడు, ఐదు, ఏడు.

"మిగతావాళ్లని మింగేసిందా నీ మిషను?" అని నర్సమ్మ నవ్వింది. మందులు మాత్రం అందరికీ వేసింది.

ఐదో మంచం పిన్ని కాగితం లాక్కుని చూసుకుంది. "నా పేరుందే! అయితే ఇంకా బతికే ఉన్నానన్నమాట" అంది. ఆవిడ మాకేమీ కాదు, వరస తనే కలిపేసుకుంది. నేను పనిలో ఉంటే ఆరు నెలలుగా అమ్మకి స్పూనుతో తినిపిస్తున్నది ఆవిడే.

పేరు వదిలి పేరు రావడానికి ఒక్కటే కారణం. నాతో పాటే ఇంకెవరో అదే జాబితా చదువుతున్నారు. ఉన్న ఒక్క వేలినే నేనొకసారి, వాళ్లొకసారి జరుపుతున్నాం. నాకు రాని పేర్లు వాళ్లకి వెళ్తున్నాయి. ఎవరా అని వెతికాను. ఆ జాబితా తెరవగల కంప్యూటరు నాదొక్కటే.

మంగళవారం ఎనిమిదో మంచం ఖాళీ అయింది. బుధవారం ఆరోది. రెండూ నా కాగితం మీదికి రాని పేర్లే. "వయసైపోయినవాళ్లు, మామూలే" అంది నర్సమ్మ. ఆరో పేరు పోవడంతో అమ్మ పేరు ఒక మెట్టు పైకి, ఆరో స్థానానికి జరిగింది. ఆ పూట కాగితంలో అమ్మ లేదు.

అక్కడే కూర్చుని, ఎవరి వేలు వాళ్లకి దక్కేలా మార్చాను. ఆరు పేర్లూ వచ్చాయి, అమ్మతో సహా. ఏడ్చేశాను. కాస్త తేరుకున్నాక, ఎన్ని వేళ్లు ఇచ్చావని ప్రోగ్రాంని అడిగాను. రెండు అంది. రెండోది కూడా ఆరు పేర్లూ చదివేసింది. ఇన్నాళ్లూ సగం పేర్లు దానికి చిక్కకుండా ఆపింది నా తప్పే.

ఆ తప్పునే మళ్లీ తెచ్చి పెట్టాను. ఒకే వేలు. చివరిసారి చదివిందే చెల్లుతుందని ఒక పిచ్చి ఆశ. జాబితా పైన ఒక ఖాళీ పేరు కూడా చేర్చాను. దాంతో అందరూ ఒక మెట్టు కిందికి దిగారు. అమ్మ మళ్లీ ఏడోదై నా వైపుకి వచ్చింది. ఇటున్నవాళ్లు అటు వెళ్లారు. ఎవరెవరో నాకు తెలుసు. తెలిసే చేశాను.

"మళ్లీ పాడైందా?" అంది నర్సమ్మ, కాగితం నాకు తిరిగిచ్చేస్తూ.

"అవును" అన్నాను.

అమ్మ మూతి తుడుస్తున్న పిన్ని తలెత్తింది. కళ్లజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయింది.

"నా పేరుందా తల్లీ?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఉంది పిన్నీ."