సీసా మీది నాలుగు ముక్కలు

కెమిస్ట్రీ మాస్టారి ల్యాబులో ఒకటే రూలు: సీసా మీద పేరు తడబడకుండా పైకి చదివినవాళ్ళే ఆ సీసా ముట్టాలి.

గుసగుస ఏడాదంతా ఆ రూలుకు దొరక్కుండా తప్పించుకుంది. గొంతు పక్క బెంచీ దాటదని క్లాసువాళ్ళు ఆమెకు పెట్టిన పేరది. ఇద్దరేసి కలిసి చేసే ప్రయోగాల్లో పేరు చదివేదీ, సీసా పట్టేదీ స్నేహితురాలే. గుసగుస వెనక నిలబడి అంకెలు రాసుకునేది. పైగా దస్తూరి బాగుందంటే పొంగిపోయేది.

తీరా ప్రాక్టికల్ పరీక్ష వచ్చిపడింది. ఎవరి బల్ల వాళ్ళదే. యాసిడ్ తీరిపోగానే ఫ్లాస్కులోని నీళ్ళకు గులాబీ రంగు తెచ్చే మందు ఒకటుంది, ఫినాల్‌ఫ్తలీన్. ఆ పేరు పలక్కపోతే సీసా చేతికి రాదు, మార్కులూ రావు.

ముందురోజు సాయంత్రం ఆ మాటను ముక్కలు చేసి కాగితం మీద రాసుకుంది: ఫి, నాల్, ఫ్త, లీన్. మొదటి రెండూ బుద్ధిగా వచ్చాయి. మూడోది మొండికేసింది. ఆమె నాలుక ఎక్కడినుంచో ఒక 'ఉ' తెచ్చి మధ్యలో ఇరికించేది.

"ఫుత... ఫుత..."

కుట్టుమిషన్ మీదున్న అక్క కాలు ఆపింది. "ఎవరిమీద ఉమ్ముతున్నావే?"

"ల్యాబులో మందు పేరక్కా."

"గుండుసూదులు నోట్లో పెట్టుకుని మాట్లాడేదాన్ని, నన్నడుగు. పెదవి మీద పళ్ళాన్చి గాలి వదులు. వెంటనే త అను. మధ్యలో గొంతు లేవకూడదు."

"గొంతు లేవకపోవడం నాకు బాగా వచ్చుగా!"

"అందులో నీకు నూటికి నూరు."

పడుకునేలోపు ముక్కలు అతుక్కున్నాయి. గుసగుస అద్దంలో తనను తాను చూసుకుని, పెద్ద శాస్త్రవేత్తలా తలాడించింది.

మర్నాడు మాస్టారు బల్ల దగ్గరికొచ్చారు. "ఊఁ, చదువమ్మా."

"ఫినాల్‌ఫ్తలీన్." గొంతు పక్క బెంచీ దాటింది, దాని వెనకదీ దాటింది.

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "తీసుకో."

గుసగుస ఠీవిగా డ్రాపర్ నింపి, ఫ్లాస్కులోకి ఉన్నదంతా పిండేసింది. లోపల నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. క్లాసంతా గొల్లుమంది. పేరు మీద అంత కుస్తీ పట్టిన మనిషికి, అది ఎంత వెయ్యాలో తెలుసుకోవాలని తట్టనే లేదు.

చెవులు కాలిపోతున్నాయి. పుస్తకం అడ్డుపెట్టుకుందామంటే ముందు సీసా కింద పెట్టాలి. పెట్టబుద్ధి కాలేదు.

"సార్, ఎన్ని చుక్కలు వెయ్యాలి?" అందరికీ వినబడేలా అడిగింది.

"రెండంటే రెండు. ఫ్లాస్కు కడిగి మళ్ళీ మొదలుపెట్టు. టైముంది."

కుళాయి దగ్గరికెళ్ళాక ఇంకో అనుమానం వచ్చింది. "సార్, కడిగేది నీళ్ళతోనా, యాసిడ్‌తోనా?"

"నీళ్ళతోనే తల్లీ, నీళ్ళతోనే!"