ఒక వైపే తుప్పు పట్టిన విమానం

నీరజకు జితేందర్ మీద అనుమానం మొదటి రోజే వచ్చింది.

జనగామ స్టేషన్ రోడ్డులో మందుల షాపు పైన ఒక గది అద్దెకు తీసుకుని ఆమె కట్టుడు పళ్లు చేస్తుంది. డాక్టర్లు అచ్చులు తీసి పంపితే, వాటికి సరిపోయే పళ్లు పోసి, రంగు కలిపి, నునుపు చేసి ఇస్తుంది. కొత్త పన్ను పక్కనున్న పాత పన్నులో కలిసిపోవాలంటే దానికి కాస్త టీ మరక, కాస్త వయసు అద్దాలి. ఆ పని చేతికి పట్టాక ఆమెకు ఇంకో సరదా అంటుకుంది. ప్లాస్టిక్ ముక్కలు అతికించి పాత యుద్ధ విమానాల నమూనాలు చేయడం. అతికించడం కంటే ఆ తర్వాతి పనే ఆమెకు ఇష్టం. పెట్టెలోంచి తీసిన కొత్త విమానాన్ని ఎండకు మాడి, వానకు నాని, నూనె కారి, పొగచూరిన పాత విమానంగా మార్చడం. అలాంటివి నాలుగైదు చేసి ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. అవి చూసే జితేందర్ వెతుక్కుంటూ వచ్చాడు.

ఇస్త్రీ చొక్కా, చేతిలో పెద్ద అట్టపెట్టె, ముఖాన చెరగని నవ్వు. ముప్పై ఏళ్లుంటాయి.

“మాది భూపాలపల్లి అక్కా,” అన్నాడు. “మా దగ్గర ఒక బడిల పిల్లలకు చూపెడదామని ఇది తెప్పిచ్చిన.”

పెట్టె మీద నాలుగు ఇంజన్ల లిబరేటర్ బొమ్మ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబర్. కడితే మూరన్నర రెక్కలు వస్తాయి. నీరజ కళ్లు మెరిశాయి. అంత పెద్దది ఆమె ఎన్నడూ చేయలేదు.

“ఎగిరేటట్టు కాదక్కా. అడవిల కూలి, ఎనభై ఏండ్లు ఎవలూ చూడకుంట పడున్నట్టు ఉండాలె.”

“బడి పిల్లలకు ఎగిరేది చూపెడ్తరు గని, కూలిపోయింది చూపెడ్తరా?”

“చరిత్ర గదా. జర చరిత్ర లెక్క కనబడాలె.”

అని సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. అందులో ఎర్రమట్టి. మహబూబాబాద్ అవతల గంగారం దిక్కు అడవి మట్టి అట. విమానానికి అదే పూయాలట. భూపాలపల్లి బడికి గంగారం మట్టి ఎందుకో నీరజకు అర్థం కాలేదు. అడిగితే నవ్వాడు.

ఆ రాత్రి అన్నం తింటూ భర్తకు చెప్పింది. వెంకటేశ్ ఆర్టీసీ డిపోలో కండక్టరు. రోజంతా మనుషులతో మాట్లాడి మాట్లాడి, ఇంటికొచ్చాక ఎవరి మీదా ఏ ఫిర్యాదూ వినబుద్ధి కాని మనిషి.

“నీకు ఎవలి మీద అనుమానం లేదు చెప్పు?” అన్నాడు. “పాలాయన మీద అనుమానం, గ్యాస్ తెచ్చెటాయన మీద అనుమానం. వాడేమన్న నిజం బాంబు చెయ్యమన్నడా?”

“అదిగాదు. మట్టెందుకు తెచ్చిండు?”

“పని ఇష్టముంటే చెయ్యి. లేకుంటే వద్దను.”

ఇష్టమే. అదే వచ్చిన చిక్కు.

జితేందర్ వారానికోసారి వచ్చి చూసిపోయేవాడు. వచ్చిన ప్రతిసారీ ఆమె అనుమానానికి ఇంకొంచెం మేత వేసేవాడు. ఎడమ వైపు మాత్రమే చేస్తే చాలన్నాడు. కుడి వైపు మట్టిలో కూరుకుపోయినట్టు పెడతాడట, అందుకని కుడి రెక్క అసలు అతికించనే వద్దన్నాడు. గాజు పెట్టెలో నాలుగు దిక్కుల నుంచీ చూసే వస్తువైతే ఒక పక్కే చేయించుకోవడం ఏమిటి? ఇంకోసారి ఫోను నేలబారుగా పెట్టి, ఒక కన్ను మూసి, విమానాన్ని కెమెరాలోంచి చాలాసేపు చూశాడు. కంటితో చూసింది తక్కువ.

తుప్పు దగ్గర ఇద్దరికీ మాటా మాటా అయింది.

“విమానం అల్యూమినియంది. తెల్లబడ్తది, పొడి లేస్తది గని గింత ఎర్రగ తుప్పు పట్టదు,” అంది నీరజ.

“ఎర్రగ లేకుంటే పాతదని ఎవలు నమ్ముతరక్కా?”

నమ్ముతరు అన్న మాట ఆమె చెవిలో ముల్లులా దిగింది. పిల్లలు చూసి సంబరపడతారు. నమ్మడం ఎందుకు?

అయినా చేసింది. అబద్ధమెందుకు, ఆ పని ఆమెను పట్టుకుని ఊపేసింది. మధ్యాహ్నానికల్లా పళ్ల పని ముగించి విమానం ముందు కూర్చునేది. రెక్క అంచును లోపలి నుంచి చెక్కి చెక్కి కాగితమంత పలుచన చేసి, వేడి చూపించి నలిపింది. లోహపు రంగు మీద తడి చేసి, ఉప్పు చల్లి, దాని మీద ఆకుపచ్చ రంగు కొట్టింది. ఆరాక వేలితో రుద్దితే ఉప్పు రాలిపోయి, పెచ్చులు ఊడినట్టు కింది లోహం బయటపడింది. ఇంజన్ల కింద నల్లటి నూనె చారలు దించింది. అద్దాలను మసకబార్చింది. చివరికి, మనసొప్పకపోయినా, ఎడమ వైపంతా ఎర్రటి తుప్పు అద్దింది. ఆఖరి రోజు దాన్ని బల్ల అంచున పెట్టి కిందికి వంగి చూస్తే, అది తన చేతిలోంచి వచ్చిన వస్తువని ఆమెకే అనిపించలేదు.

జితేందర్ దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

“చేసేటప్పుడు తీసిన ఫొటోలుంటే డిలీట్ చెయ్యక్కా. పిల్లలకు ముందే తెలిస్తే మజా ఉండది.”

నీరజ తలూపింది. డిలీట్ చేయలేదు.

ఆ మర్నాడు అతను చెప్పిన బడి పేరు పట్టుకుని ఆరా తీసింది. భూపాలపల్లిలో తెలిసిన డాక్టరమ్మ ఒకామె కనుక్కుని చెప్పింది. ఆ బడిలో విమానం సంగతి ఎవరికీ తెలియదు, జితేందర్ పేరు విన్నవాళ్లే లేరు. నీరజ అతనికి ఫోను చేస్తే “వేరే బడికి ఇస్తున్నమక్కా” అని పెట్టేశాడు. తర్వాత ఎత్తడం మానేశాడు.

మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం వెంకటేశ్ మహబూబాబాద్ ట్రిప్పు ముగించుకుని తిన్నగా ఆమె పళ్ల ల్యాబుకే వచ్చాడు. టికెట్ల సంచి కూడా భుజం మీది నుంచి దించలేదు.

“బస్సుల అందరు ఇదే చూస్తున్నరు. జర చూడు,” అని ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

వీడియోలో దట్టమైన అడవి. ఎర్రమట్టి, ఎండుటాకులు. మట్టిలోంచి ఒరిగి లేచిన విరిగిన రెక్క, ఇంజన్లు, మసకబారిన అద్దాలు. వెనకాల దూరంగా నిజమైన చెట్లు, నిజమైన ఆకాశం. కనిపించని గొంతు ఒకటి గుసగుసగా చెబుతోంది: “గంగారం అడవిల దొరికిన ఈ ఇమానం ఆ యుద్ధం నాటిదేనా? సిపాయిల జీతాలకని దీంట్ల తీసుకపోతున్న వెండి పెట్టెలు ఏ తండా పక్కన పడ్డయి?”

ఆమె మొదట చూసింది ఆకులను. అవి టేకాకులు కావు. ఎండిన చింతాకు పరిచాడు, బొమ్మ నిజం విమానమంత పెద్దగా కనబడాలని. తర్వాత తుప్పు చూసింది.

“అది నేను చేసిందే,” అంది.

వెంకటేశ్ ఆమె ముఖం చూసి, నీకు అందరి మీదా అనుమానమే అని ఈసారి అనలేదు.

వేరే నంబరు నుంచి చేస్తే జితేందర్ ఎత్తాడు. ఏ మాత్రం తొట్రుపడలేదు.

“నేను అబద్ధం చెప్పిన్నా అక్కా? నిజమేనా అని అడిగిన. అడుగుడు గూడ తప్పేనా?”

నీరజ తన దగ్గరున్న ఫొటోలన్నీ బయట పెట్టింది. పెట్టెలో ముక్కలు, ఉప్పు చల్లిన రెక్క, తుప్పు అద్దుతున్న తన చెయ్యి. అది బొమ్మని, తానే చేశానని రాసింది. సాయంత్రానికి జవాబులు వచ్చి పడ్డాయి. వీడియో చూసి ఈమె బొమ్మ చేసుకుందని కొందరు. వెండి పడ్డ జాగా తెలిసి కావాలని దాస్తోందని కొందరు. ఎవరో ఆమె ల్యాబు అడ్రసు కూడా పెట్టారు. తెల్లారి కింద మందుల షాపు ముందు ముక్కూ మొహం తెలియని మనుషులు ఇద్దరు నిలబడి పైకి చూస్తుంటే ఆమె కిటికీ మూసుకుంది.

అప్పుడే తమ్ముడి ఫోను వచ్చింది. అరుణ్ పుట్టింట్లో, మొగుళ్లపల్లిలో ఉంటాడు. జేసీబీ నడుపుతాడు.

“అక్కా, నువ్వెందుకు నడుమ జొర్రినవ్? వెండి కోసం తవ్వుతందుకు గంగారం పక్క తండకు బండి కిరాయికి తెచ్చిన. ఈడ అందరు నిన్నే తిడ్తున్నరు.”

“ఎవలి చేన్ల తవ్వుతున్నవ్?”

“లింగ్యా అని ఒక పెద్దమనిషిది. ఆయనే సరే అన్నడు.” గొంతు తగ్గించి అడిగాడు. “అక్కా, కోపానికి రాకు. ఆ వీడియో ఆయనతోని నీకు వాటా ఉన్నదంటున్నరు. నిజమేనా?”

పొత్తిళ్లలో ఎత్తుకు తిప్పిన తమ్ముడు. నీరజ ఫోను పెట్టేసి, అలమర తలుపు తీసింది. అతికించకుండా మిగిలిపోయిన కుడి రెక్క లోపల ఉంది, పెట్టెలోంచి తీసినప్పటి బూడిదరంగులోనే. దాన్ని పాత చీరలో చుట్టి, రంగులు, కుంచెలు సంచిలో వేసుకుంది.

మర్నాడు వెంకటేశ్ సెలవు పెట్టాడు. మొదటి బస్సుకు మహబూబాబాద్, అక్కడి నుంచి ఇంకో బస్సు, చివరికి ఒక ఆటో.

లింగ్యా చేనంతా మిరప తోట. ఇంకో కోతకు కాయ ఎర్రబడి ఉంది. దాని నడుమ నుంచి జేసీబీ పోయిన దారి, మనిషి లోతు గుంతలు, మట్టిలో కలిసిన చెట్లు. గట్టు మీద చుట్టుపక్కల ఊళ్ల జనం. అరుణ్ అక్కను చూసి బండి ఆపాడు గాని దిగి ఎదురు రాలేదు.

“ఈమెనే!” అన్నారెవరో.

జనం ముసురుకున్నారు. వెంకటేశ్ ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. నలభై మంది ఎక్కిన బస్సులో టికెట్లు అడిగే గొంతు అతనిది, అది బాగానే పనికొచ్చింది.

“ఆమె జెప్పేది నమ్మకుర్రి,” అన్నాడు. “చేస్తది, చూడుర్రి. చూసినంక తిట్టుర్రి.”

నీరజ జేసీబీ నీడలో బోర్లించిన గంప మీద కూర్చుంది. ఉప్పు తేవడం మరిచిపోయింది. లింగ్యా భార్య చంద్రి అక్కడే నిలబడి ఉంటే అడిగింది. చంద్రి ఆమెను ఎగాదిగా చూసి, ఇంట్లోకి పోయి పిడికెడు తెచ్చింది. చేతిలో పెట్టకుండా రాయి మీద పోసింది.

రెక్కకు లోహపు రంగు వేసింది. ఎండకు నిమిషాల్లో ఆరింది. తడి చేసి, ఉప్పు చల్లి, ఆకుపచ్చ అద్దింది. గుసగుసలు సాగుతూనే ఉన్నాయి. ఆరాక బొటనవేలితో రుద్దగానే పెచ్చులు లేచి కింది తెలుపు బయటపడేసరికి ముందు వరుసలో ఉన్నవాళ్లు వంగారు. నూనె చారలు దించి, తుప్పు అద్ది, కాళ్ల దగ్గరి మట్టే తీసి నీళ్లతో కలిపి పూసింది. పూసి నేల మీద వాల్చి పెట్టింది.

అరుణ్ బండి దిగి వచ్చాడు. తన ఫోనులో వీడియో ఆపి, రెక్క పక్కన పెట్టి చాలాసేపు అటూ ఇటూ చూశాడు.

“ఈ రెండు ఒక్కదాని రెక్కలే,” అన్నాడు.

“ఇది బొమ్మ సరే,” అన్నాడు గుంపులో ఒక కుర్రవాడు. “అడవిల నిజంది ఇంకోటి లేదని ఏం గ్యారంటీ?”

కొందరు మోటారు సైకిళ్లు ఎక్కి వెళ్లిపోయారు. కొందరు వెళ్లలేదు.

లింగ్యా ముందుకు వచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

“అయితే వెండి లేదా బిడ్డా?”

“లేదు బాపూ.”

“ఇమానం గూడ లేదు?”

“లేదు.”

ఆయన గుంత అంచున కూలబడ్డాడు. చంద్రి తమ భాషలో ఆయనను ఏదో గట్టిగా అంది. ఆ తర్వాత నీరజ వైపు తిరిగింది.

“నువ్వు చేసింది బొమ్మనే. గని వాడెందుకు చేపిస్తున్నడో అడగలేదా?”

“అడిగినక్కా. బడి పిల్లలకన్నడు.”

“నమ్మినవా?”

నీరజ దగ్గర అబద్ధం సిద్ధంగానే ఉంది. చెప్పలేకపోయింది.

“లేదు. అబద్ధమాడుతున్నడని అప్పుడే అనిపిచ్చింది.”

“అనిపిచ్చినంక గూడ చేసినవ్.”

అది ప్రశ్న కాదు.

అరుణ్ బండి ఎక్కి గుంతలు పూడ్చడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు, కిరాయి ఎవరిస్తారని అతనూ అడగలేదు. మధ్యాహ్నం నీళ్లు తాగడానికి దిగినప్పుడు అక్క పక్కన కూర్చున్నాడు.

“వాటా అని అడిగిన జూడు...”

“నీ జాగల నేనున్నా అడుగుదును,” అంది నీరజ. “తిన్నవా పొద్దున?”

ఆమె రెక్కకు రంగులు వేస్తుండగా ఎవరో తీసిన వీడియో ఆ సాయంత్రానికే ఊళ్లు తిరిగింది. కొద్ది రోజులకు జితేందర్ విమానం వీడియో కనిపించకుండా పోయింది. అతనికి ఏమీ కాలేదు. ఇప్పుడు ఇంకేదో గుహ గురించి నిజమేనా అని అడుగుతున్నాడని వెంకటేశ్ బస్సులో విన్నాడు. ఆ విమానం ఏమైందో నీరజకు తెలియలేదు.

అయితే ఆ రోజు నీరజ, వెంకటేశ్ చేను నుంచి వెంటనే తిరిగి రాలేదు. గుంతలు పూడినా పీకిన మిరప చెట్లు మళ్లీ నిలబడవు. వాటికున్న కాయ అయినా దక్కుతుందని చంద్రి గంప పట్టుకుని ఒంటరిగా ఏరడం మొదలుపెట్టింది. నీరజ కొంగు నడుముకు చుట్టుకుని ఆమె పక్క సాలులో వంగింది. వెంకటేశ్ ఇంకో సాలు పట్టాడు. చంద్రి వద్దనలేదు, రమ్మనీ అనలేదు. పొద్దు వాలేదాకా ముగ్గురూ మట్టిలోంచి కాయలు ఏరారు. ఘాటుకు నీరజ వేళ్లు భగ్గుమన్నాయి.

గంప నిండాక తెచ్చి గట్టు మీద పెట్టింది. చంద్రి దాన్ని అక్కడే గోనె పట్టా మీద కుమ్మరించి, గొంతుక్కూర్చుని, నీరజ ఏరిన కాయలను ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూడసాగింది. నలిగినవి ఒక పక్కకు, మంచివి ఒక పక్కకు. నీరజ కదలకుండా, ఆమె చూడడం అయ్యేదాకా ఎదురుగా నిలబడింది.