నలభై ఒక్క సర్టిఫికెట్లు, ఒక కుళాయి

జీవన్ కుమార్ దగ్గర నలభై ఒక్క సర్టిఫికెట్లున్నాయి. అన్నీ పనిచోట భద్రత మీదే. అందులో ముప్పై ఎనిమిది, ఆన్‌లైన్ సెమినార్లలో కెమెరా ముందు కూర్చుని తల ఊపినందుకు వచ్చినవి. మిగిలిన మూడు తల ఊపకుండానే వచ్చాయి. ఆ మూడు రోజులూ నెట్ పోయింది.

రాచర్ల పక్క పల్లెలో, వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు అతనే. పొద్దున్నే ఆటోలో గిద్దలూరు, అక్కడినుంచి రైల్లో మార్కాపురం. రైలెక్కగానే చెవుల్లో పాడ్‌కాస్ట్ పెట్టుకునేవాడు. ఇంగ్లీషులో ఎవరో ఒకాయన భద్రత గురించి గడగడా చెప్పుకుపోతుంటే కంభం వచ్చేసరికి సగం అర్థమయ్యేది. రెండో సగం తిరుగు ప్రయాణంలో మళ్ళీ వినేవాడు. ఒకరోజు పక్కన కూర్చున్న ముసలమ్మ, కళ్ళు మూసుకుని వింటున్న అతన్ని చూసి, "దేవుని వాక్యమా నాయనా?" అని అడిగింది.

"కాదు అవ్వా, భద్రత."

"అదే గదా" అని ఆమె కూడా కళ్ళు మూసుకుంది.

అతను పనిచేసేది షంషుద్దీన్ గారి పలకల ఫ్యాక్టరీలో. రేకుల షెడ్డు కింద రాయి కోసే మిషన్లు ఆరు. రంపం రాతిని తాకిందంటే పిండిమర తలుపు తీసినట్టు తెల్లటి ధూళి లేచేది. జీవన్ నాయన ఏలీయా ఇలాంటి షెడ్డులోనే, వేరే ఊళ్ళో, పద్దెనిమిదేళ్ళు రాయి కోశాడు. ఇప్పుడు చర్చికి మూడే మెట్లున్నా రెండో మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుని గాని మూడోది ఎక్కలేడు. అందుకే "రంపం మీద నీళ్ళు పడుతుంటే ధూళి లేవదు" అని పాడ్‌కాస్ట్‌లో విన్న రోజు జీవన్ దిగాల్సిన స్టేషన్ దాటిపోయాడు.

మూడు నెలలు వెంటపడితే షంషుద్దీన్ ఒప్పుకున్నాడు. ఎత్తు మీద డ్రమ్ము, మిషన్ మిషన్‌కీ సన్నటి పైపు, దానికో కుళాయి. బొట్టుబొట్టుగా నీళ్ళు పడేటట్టు ఏర్పాటు. అయినా ధూళి తగ్గలేదు. ఎప్పుడు వెళ్ళి చూసినా కుళాయిలు కట్టేసి ఉండేవి.

"ట్యాంకరు నీళ్ళు జీవనూ ఇవి" అన్నాడు షంషుద్దీన్. "నెలాఖరు దాకా చూస్తా. అప్పటికీ ఇట్లనే ఉంటే పైపులు పీకించి మా ఇంట్లో జామచెట్లకు పెట్టుకుంటా. నువ్వు ఆఫీసులో బిల్లులు రాసుకుందువు."

ఇంకెవరైనా అయితే, కుళాయి ఎందుకు కడుతున్నారని ఒక మాట అడిగేవారు. జీవన్ చదువుకున్నవాడు కదా, అడగలేదు, బోధించాడు. రోజుకు ఐదు నిమిషాల తెలుగు పాడ్‌కాస్ట్ తనే రికార్డు చేసి ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అంతకుముందు అతను నలుగురిలో మాట్లాడింది సండేస్కూల్లోనే. అందుకని మైకు ముందు నోరు తెరవగానే ఆ గొంతే వచ్చేది. "ప్రియ సహోదరీ సహోదరులారా, ధూళి మనలను వెంబడించుచున్నది."

మూడో మిషన్ మీద పనిచేసే వసీం తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని చెప్పాడు. "సారూ, నిన్నటిది మా అమ్మీ కూడా వినింది. ఎవరో పోయినారనుకొని దువా చేసింది."

నెలాఖరుకు మూడు రోజులుందనగా జీవన్ పెద్ద సాహసమే చేశాడు. చిన్న ఫ్యాక్టరీల భద్రత మీద ఒక ఆన్‌లైన్ సెమినార్ జరుగుతుంటే, మా దగ్గర ధూళి లేకుండా చేశాం, షెడ్డులోంచి లైవ్‌లో చూపిస్తానని పేరిచ్చాడు. పదకొండు గంటలకు తన వంతు. ముందే వెళ్ళి ఆరు కుళాయిలూ తన చేత్తో తిప్పాడు. ఆఫీసు టీవీలో షంషుద్దీన్ చూస్తున్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోను, నాలుగు రోజులు బట్టీపట్టిన ఇంగ్లీషు. మిషన్ల పక్కగా నడుస్తూ, ఫోను కెమెరా తన ముఖం వైపు తిప్పుకుని, ధూళి సున్నా అని చెప్పాడు.

అవతల సెమినార్ నడిపే పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. "మిస్టర్ జీవన్, మీ ఊళ్ళో పొగమంచు పడుతోందా?"

ఏప్రిల్ నెల. మార్కాపురం. పదకొండు గంటలు.

జీవన్ వెనక్కి తిరిగాడు. మూడో మిషన్ దగ్గర తెల్లటి మేఘం నిలబడి ఉంది. అందులో వసీం ఉన్నట్టు దగ్గు వినబడుతోంది. "నెట్ సరిగా లేదు సార్" అని జీవన్ ఫోన్ కట్టేశాడు. నలభై రెండో సర్టిఫికెట్ పది నిమిషాల్లో వచ్చేసింది.

మధ్యాహ్నం టీ వేళ అందరినీ నిలబెట్టాడు. పలకలు పేర్చే జ్ఞానమ్మ వైపు చూశాడు. ఆమెదీ వాళ్ళ ఊరే. అతనికి తెలిసి కుళాయిల దగ్గర తిరిగేది ఆమే.

"పెద్దమ్మా, మూడో మిషన్ కుళాయి ఎవరు కట్టినారు?"

"దినామూ కట్టేది నేనే నాయనా" అంది జ్ఞానమ్మ. "ఈ పొద్దు మాత్రం నేను కాదు. నీ సినిమా ఉందంటే ఆ పక్కకే రాలా."

"ఎన్నిసార్లు చెప్పినా నేను. మన ఊపిరి కోసం పెట్టినవి గదా అవి. మా నాయనను చూసినావు గదా నువ్వు." గొంతు సండేస్కూల్‌కి వెళ్ళబోతుంటే ఆపుకున్నాడు.

వసీం అడ్డం వచ్చాడు. "సారూ, రికార్డింగ్ వస్తదంటివి గదా. అది చూద్దాంలే. నోటితో చెప్తే బాగుండదు."

రికార్డింగ్ వచ్చే ఉంది. ఫోను చుట్టూ అందరూ గుమిగూడారు. తెర మీద జీవన్ ఇస్త్రీ చొక్కాలో నడుచుకుంటూ వస్తున్నాడు. ఇంగ్లీషు బాగానే ఉంది. మూడో మిషన్ పక్కకు వచ్చేసరికి, బొట్లు పడుతున్న కుళాయి మీదికి అతని ఎడమచెయ్యి దానంతటది పోయింది. మాట తడబడలేదు, అడుగు ఆగలేదు. గట్టిగా తిప్పి కట్టేసి, వేళ్ళు ప్యాంటుకు తుడుచుకుని, ధూళి సున్నా అన్నాడు.

షెడ్డంతా నవ్వింది. జీవన్ మళ్ళీ వెనక్కి జరిపి చూశాడు. ఆ చెయ్యి తనదే.

"చూస్తా చూస్తా ఎందుకూరుకున్నావ్ వసీం భాయ్?"

"సారు కట్టినాడు, దేనికో చూపిస్తన్నాడేమో అనుకున్నా."

జ్ఞానమ్మ ఒక్కతే పెద్దగా నవ్వలేదు. "నీ తప్పేముంది నాయనా. మీ అమ్మ బిందె పట్టుకొని ట్యాంకరు కాడ గంటలు గంటలు నిలబడలా? కారే కుళాయి చూసి కట్టకుండా యాడికి పోతాం మనం? రాయికి నీళ్ళు పోస్తా ఉంటే నాకు మనసొప్పదు."

జీవన్ నోట్‌బుక్ తీశాడు. ఏం రాయాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "మరి ఏం చేద్దాం పెద్దమ్మా?" అన్నాడు. ఆ ఫ్యాక్టరీలో అతను ఒకరిని సలహా అడగడం అదే మొదటిసారి.

"ఏముంది. కింద టబ్బు పెట్టు. మడ్డి అడుక్కు దిగినాక పైన తేట మళ్ళా డ్రమ్ములో పోసుకుందాం. నీళ్ళు యాడికీ పోలేదని కంటికి కనపడితే నేనెందుకు కడతా?"

నెలాఖరు రోజు షంషుద్దీన్ పైపుల రెంచీ పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. ఆరు మిషన్లూ తిరుగుతున్నాయి. ఆ చివర నిలబడ్డ వసీం ముఖం ఈ చివరికి కనబడుతోంది. మిషన్ల కింద ఆరు టబ్బుల్లో బూడిదరంగు నీళ్ళు. షంషుద్దీన్ రెండుసార్లు అటూ ఇటూ నడిచి, రెంచీని లాల్చీ జేబులో పెట్టుకోబోయాడు. పట్టలేదు.

"ఈ గులాబీరంగు టబ్బు ఎవరిది?"

"మా ఇంటిది" అంది జ్ఞానమ్మ. "ఆదివారానికి నాది నాకు ఇయ్యాల."

"కొత్తవి తెప్పిస్తాలే అమ్మా" అంటూ షంషుద్దీన్ జీవన్ చేతివైపు చూశాడు.

ఆ చెయ్యి మూడో మిషన్ కుళాయి దగ్గరిదాకా వచ్చింది. జ్ఞానమ్మ దాని మీద ఒక్కటి వేసింది.

"తియ్ నాయనా చెయ్యి."